ఒకే పంచాంగం, రెండు లెక్కలు

(నాతవరంలో లెక్కల మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాస పాఠం)

లెక్కల మాస్టారి పేరు నా వెనక బ్యానరు మీద ఉంది, మీ చేతుల్లో కరపత్రం మీద ఉంది. నేను మాత్రం మాస్టారనే అంటాను. ఈ ఊళ్లో మాస్టారంటే ఏ మాస్టారని ఎవరూ అడిగి ఎరగరు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఉగాది నాడు గుళ్లో పంచాంగ శ్రవణానికి వెళ్లాను. పంతులుగారు ఆ ఏటి గ్రహణాలు చదివారు. ఏ తేదీన, ఏ గంటకు స్పర్శ, ఏ గంటకు మోక్షం, నిమిషాలతో సహా. ఆ తర్వాత వానల లెక్క చదివారు. ఈ ఏడు ఇన్ని తూముల వర్షం, అందులో సముద్రంలో ఇన్ని భాగాలు, కొండల మీద ఇన్ని, నేల మీద ఇన్ని అని. ఆ ఏడు చంద్రగ్రహణం చెప్పిన నిమిషానికి పట్టింది, చెప్పిన నిమిషానికి విడిచింది. నేల మీద కురవాల్సిన భాగాలు మాత్రం మా మడి దాకా రాలేదు. ఆకుమడిలో నారు పసుపు తిరిగి ఎండిపోయింది.

నేను మాస్టారి దగ్గరికి వెళ్లి, "ఒకటే పుస్తకం కదండీ, చదివింది ఒక్కరే కదండీ, మరి ఒకటి నిజమై ఇంకొకటి ఎందుకు తప్పిందండీ?" అని అడిగాను. ఆయన నవ్వలేదు, కసరలేదు. "నాకు సగమే తెలుసురా. మిగతా సగం నువ్వు చదువుకుని వచ్చి చెప్పు" అన్నారు. చెప్పడానికి నేను చాలా ఆలస్యంగా వచ్చాను. ఈ సాయంత్రం ఆ బాకీ తీర్చుకుందామని నిలబడ్డాను.

ఈ ప్రశ్న మన ప్రాంతంలో అంతకు ముందూ ఉంది. విశాఖపట్నంలో 1840లో గోడే వెంకట జగ్గారావుగారనే జమీందారు సొంత డబ్బుతో తన ఆవరణలో ఒక వేధశాల కట్టించారు. మద్రాసు వేధశాలలో టేలర్ దొర దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చిన మనిషి ఆయన. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కర్ర నాటించి పట్నానికంతకూ సరైన వేళ తెలిసే ఏర్పాటు చేశారు. 1856లో ఆయన పోయాక ఆ పని ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారి చేతికి వచ్చింది. ఈయన డిప్యూటీ కలెక్టరుగా పనిచేసినవారు. 1871లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఈయనను సభ్యుడిగా తీసుకుంది. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నల్లటి చుక్కలా దాటిపోతుంటే విశాఖలో దుర్భిణికి కన్ను ఆనించి వేళలు రాసుకున్నది ఈయనే. అదే వేధశాలలో వాతావరణం లెక్కలు కూడా రాసేవారు. ఒకే కప్పు కింద ఆకాశానికి ఒక పుస్తకం, గాలీ వానలకు ఒక పుస్తకం. మొదటి పుస్తకంలో రేపటి పేజీ ఇవాళే రాసిపెట్టుకోవచ్చు. రెండో పుస్తకంలో రేపటి పేజీ రేపటిదాకా ఖాళీయే.

శుక్రుడు మళ్లీ మన కంటికి సూర్యుడి మీద కనిపించింది 2004 జూన్ 8న. మాస్టారు అప్పటికి రిటైరయ్యారు. బడి ఆవరణలో పిల్లల్ని వరసగా నిలబెట్టి, వెల్డింగు అద్దం ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి చూపిస్తున్నారు. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. నా వంతు వచ్చేసరికి ఒక మబ్బు సరిగ్గా సూర్యుడి ముందుకొచ్చి ఆగింది. అది ఎంతసేపుంటుందని అడిగాను. "ఈ శుక్రుడు ఈ గంటకు వస్తాడని వందేళ్ల ముందే తెలుసురా. ఆ మబ్బు ఎప్పుడు తప్పుకుంటుందో ఈ భూమ్మీద చెప్పగలిగినవాడు లేడు" అన్నారు. నా ఉపన్యాసమంతా ఆ రెండు ముక్కల మధ్యే ఉంది.

శుక్రుడిని నడిపే నియమాలు వేరు, మబ్బును నడిపేవి వేరు అనుకుంటే చిక్కే లేదు. కానీ రెండూ న్యూటన్ సూత్రాలకు కట్టుబడినవే. మబ్బు ఇష్టం వచ్చినట్టు తిరగదు. గాలి ఒత్తిడి, వేడి, తేమ, భూమి తిరుగుడు ఎటు తోస్తే అటే పోతుంది. 1814లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఒక ఊహ చేశాడు. ఈ క్షణాన విశ్వంలోని ప్రతి రేణువూ ఎక్కడుందో, ఎటు కదులుతోందో తెలిసిన బుద్ధి ఒకటుంటే దానికి గతమూ భవిష్యత్తూ రెండూ కళ్లముందే ఉంటాయన్నాడు. మన భాషలో అందరికీ తెలిసిన తలరాత ఇదేనా అని మీలో కొందరికి అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. తలరాత అన్నప్పుడు ఎవరో ఒకరు మనల్ని ఉద్దేశించి రాశారనే భావం ఉంటుంది. లాప్లాస్ చెప్పినదాంట్లో ఉద్దేశాలు లేవు, ఇవాళ్టి నుంచి రేపు పుట్టడమే ఉంది. అయితే ఆయన మాటలో ఒక మెలిక ఉంది. ప్రతి రేణువూ ఎక్కడుందో తెలియాలి. ఎంత కచ్చితంగా తెలియాలి? అక్కడ మనం తాండవ కాలువ గట్టు దాకా నడిచి వెళ్లాలి.

మాస్టారు మమ్మల్ని నిజంగానే అక్కడికి తీసుకెళ్లారు. తాండవ జలాశయం మన మండలంలోనే ఉందని పిల్లలకు చెప్పక్కర్లేదు. 51,465 ఎకరాల ఆయకట్టు, అప్పుడు విశాఖ, తూర్పుగోదావరి జిల్లాలు, ఇప్పుడు అనకాపల్లి, కాకినాడ జిల్లాలు దాని నీళ్ల మీద ఆధారపడి ఉన్నాయి. కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో ఒక సాయంత్రం, నీరు నున్నగా అద్దంలా పోయే చోట, ఆయన రెండు రావి ఆకుల్ని పక్కపక్కనే, అంగుళం ఎడంగా నీటి మీద పెట్టి వదిలారు. ఆ ఆకులు అలాగే అంగుళం ఎడంగా, పెళ్లిపీటల మీద కూర్చున్న జంటలా, మేము గట్టు మీద నడుస్తున్నంత దూరమూ సాగిపోయాయి. తర్వాత కాలువ మెట్టు దిగే చోటికి, నీరు కిందికి పడి నురగలు కక్కే చోటికి వెళ్లాం. పైన మళ్లీ రెండు ఆకులు, మళ్లీ అంగుళం ఎడం. రెండూ ఒకేసారి కిందికి జారాయి. ఒకటి సుడిలో పడి ఒడ్డు పక్కన గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. రెండోది అప్పటికే తూము దాటిపోయింది. ఇంకోసారి వదిలారు. ఈసారి రెండూ సుడిలోనే పడ్డాయి. ఇంకోసారి. ఈసారి సుడిలో పడింది ఎడమది. పక్కన నిలబడి చూస్తున్న లస్కరు, "ఆకులు మంచివి కావేమో మాస్టారూ" అన్నాడు. మాస్టారు, "ఆకులూ అవే, నీరూ అదే. మన వేళ్లు వదలడంలో జుట్టంత తేడా వచ్చింది, నీరు దాన్ని బారెడు చేసింది" అన్నారు.

నున్నటి నీటిలో చిన్న తేడా చిన్నగానే ఉంటుంది. సుడి నీటిలో చిన్న తేడా పెరుగుతూ పోతుంది. నియమం రెండు చోట్లా ఉంది. సైన్సులో కేయాస్ అనే మాటకు అర్థం ఇదే. అల్లకల్లోలం అని అనువదిస్తే నియమమే లేదన్న భ్రమ కలుగుతుంది కాబట్టి నాకు ఆ అనువాదం నచ్చదు.

పిల్లలూ, దీన్ని ఇంటికెళ్లి ఫోనులో కాలిక్యులేటరు తెరిచి మీరే చూడొచ్చు. 0కీ 1కీ మధ్య ఒక సంఖ్య తీసుకోండి. దాన్ని ఒకట్లోంచి తీసేయండి. మొదటి సంఖ్యనూ ఆ మిగిలినదాన్నీ గుణించండి, వచ్చినదాన్ని నాలుగుతో గుణించండి. వచ్చిన జవాబుతో మళ్లీ అదే పని. 0.300తో మొదలుపెడితే 0.84 వస్తుంది, తర్వాత 0.5376, తర్వాత 0.9943. ఇప్పుడు 0.301తో మొదలుపెట్టండి. 0.8416, 0.5332, 0.9956. కవల పిల్లల్లా ఉన్నాయి కదూ? ఆపకండి. ఎనిమిదోసారికి మొదటిది 0.45 దగ్గర ఉంటుంది, రెండోది 0.72 దగ్గరికి పోతుంది. ఆ తర్వాత ఒకదాన్ని చూసి రెండోదాన్ని చెప్పలేరు. ఇందులో పాచికలు లేవు, అదృష్టం లేదు, అయిదో తరగతి గుణకారం తప్ప మరేమీ లేదు. ప్రతి అడుగూ ముందే నిర్ణయమైనదే, అయినా ముందే తెలియదు. నిర్ణయమై ఉండటం, ముందే తెలియడం ఒకటేనని లాప్లాస్ కాలం నుంచీ అనుకుంటూ వచ్చారు. ఆ రెండూ వేరని ఈ నాలుగు బటన్లు చెబుతాయి.

ఈ సంగతి మొదట కనిపెట్టినాయన కథ మాస్టారికి చాలా ఇష్టమై ఉండేది. ఆయనకు చెప్పే అవకాశం నాకు దొరకలేదు. 1889లో స్వీడన్ రాజు రెండో ఆస్కార్ అరవయ్యో పుట్టినరోజుకు పెట్టిన గణిత పోటీలో ఫ్రాన్స్‌కు చెందిన హెన్రీ పాంకరే బహుమతి గెలిచాడు. సూర్యుడు, భూమి, చంద్రుడు లాంటి మూడు గోళాలు ఒకదాన్నొకటి లాక్కుంటూ తిరిగితే చివరికి ఏమవుతుందన్నదే ఆయన తీసుకున్న సమస్య. వ్యాసం అచ్చవుతుండగా, ఒక యువ గణితవేత్త అక్కడక్కడ అర్థం కాలేదని ప్రశ్నలు పంపాడు. వాటికి జవాబులు రాస్తూ రాస్తూ పాంకరే తన వ్యాసంలోనే పెద్ద తప్పు కనుక్కున్నాడు. అప్పటికే ప్రతులు అచ్చయిపోయాయి. వాటిని వెనక్కి తెప్పించారు. పాంకరే వ్యాసం తిరగరాసి, ముద్రణ ఖర్చు తానే పెట్టుకున్నాడు. బహుమతి 2,500 క్రోనర్లు, ముద్రణ ఖర్చు అంతకంటే ఎక్కువ. ఆ తప్పు దిద్దుకుంటుంటేనే, మూడు గోళాల నడకలో కూడా అతి చిన్న తేడా విపరీతంగా పెరిగే దారులున్నాయని ఆయనకు కనిపించింది. తప్పును కప్పిపుచ్చి ఉంటే ఈ శాస్త్రం ఇంకెన్నాళ్లు ఆగేదో!

తర్వాతి అడుగు పడటానికి డెబ్బై ఏళ్లు పట్టింది. 1961 చలికాలంలో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త కంప్యూటరులో ఒక బొమ్మ వాతావరణాన్ని నడిపిస్తున్నాడు. పాత లెక్కను మధ్యలోంచి మళ్లీ చూద్దామని, కాగితం మీద అచ్చయిన అంకెల్ని తిరిగి ఎక్కించాడు. యంత్రం లోపల 0.506127 ఉంటే కాగితం మీద 0.506 అని అచ్చయింది. కాఫీ తాగి వచ్చేసరికి రెండు నెలల వాతావరణం పూర్తిగా ఇంకోలా తయారైంది. 1963లో ఆయన రాసిన వ్యాసం ఈ శాస్త్రానికి పునాది. సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే ఎక్కడో దూరాన సుడిగాలి రేగొచ్చన్న సామెత ఆయన 1972 ప్రసంగం శీర్షిక నుంచి పుట్టింది, అది మీరందరూ విన్నదే.

దీనితో ఒక కఠినమైన లెక్క వస్తుంది. తేడా రెండు రోజులకోసారి రెట్టింపవుతుందనుకోండి. మీరు కొలతలో తప్పును సగానికి తగ్గిస్తే, ముందుచూపు రెండు రోజులే పెరుగుతుంది. పది రోజులు పెంచుకోవాలంటే తప్పును 32వ వంతుకు దించాలి. అందుకే ఇన్ని ఉపగ్రహాలు, ఇన్ని రాడార్లు వచ్చినా మంచి సంస్థల సూచనల్లో ముందుచూపు పదేళ్లకు ఒక రోజు చొప్పున పెరుగుతూ వచ్చింది. రెండు వారాలకు మించి ఏ ఊళ్లో ఏ రోజు వాన పడుతుందో చెప్పడం సాధ్యపడదని లోరెంజే అంచనా కట్టాడు.

మరి శుక్రుడు ఎలా తప్పించుకున్నాడు? తప్పించుకోలేదు. 1989లో ఫ్రాన్స్‌లో జాక్ లాస్కర్ లెక్క కట్టి చూపించాడు. గ్రహాల నడకలోనూ తేడాలు పెరుగుతాయి, కాకపోతే అక్కడ కాలం లక్షల ఏళ్లలో నడుస్తుంది. ఇవాళ భూమి ఉన్నచోటు 15 మీటర్లు తప్పుగా తెలిస్తే చాలు, పది కోట్ల ఏళ్ల తర్వాత అది కక్ష్యలో ఏ పక్కనుంటుందో చెప్పలేం. మనకు అంత దూరం అక్కర్లేదు కాబట్టి 2117 డిసెంబరులో శుక్రుడు మళ్లీ సూర్యుడి మీదుగా వెళతాడని నిశ్చింతగా చెప్పొచ్చు. పంతులుగారి గ్రహణం నున్నటి కాలువలో ఆకు. పంతులుగారి వాన మెట్టు కింద ఆకు. కాలువ ఒకటే.

ఇంతవరకూ విన్నవాళ్లు ఇక వాన గురించి ఏమీ చెప్పలేమనుకుంటే నేను సగమే చెప్పినట్టు. రేపు జల్లు పడుతుందో లేదో తెలియకపోయినా, మే నెలలో నాతవరంలో హిమపాతం ఉండదని మనకు తెలుసు. ఆరుద్ర కార్తెలో కాకపోతే పునర్వసులోనైనా ఊడ్పులకు నీరొస్తుందని రైతు విత్తనం నానబోస్తాడు. లోరెంజ్ తన సమీకరణాల నడకను చూపిస్తూ గీసిన గీత ఎప్పుడూ తన దారిలో తాను మళ్లీ నడవదు, అయినా రెండు రెక్కల ఆకారాన్ని దాటి బయటికీ పోదు. మన నదికి తాండవ అని పేరు పెట్టిన పెద్దలెవరో కానీ, శివుడి అడుగు ఎక్కడ పడుతుందో చూసేవాడికి తెలియదు, తాళం తప్పదని మాత్రం తెలుసు.

రుతుపవనాల విషయంలో ఈ మాటకు గట్టి ఆధారం ఇచ్చినవాళ్లలో మన దేశస్థుడు జగదీశ్ శుక్లా ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లోని బలియా జిల్లాలో పల్లెటూరి పిల్లవాడు. 1981లో వాతావరణ శాస్త్రవేత్త జూల్ చార్నీతో కలిసి ఆయన ఒక సంగతి చెప్పారు. ఉష్ణమండలంలో రోజువారీ వాన చిందులు వేసినా, సీజను మొత్తం మీద వానను చాలావరకు సముద్రం వేడి లాంటి నిదానంగా మారే విషయాలు నడిపిస్తాయి. సముద్రం బద్ధకంగా మారుతుంది కాబట్టి దాన్ని చూసి సీజను గురించి కొంత ముందే చెప్పొచ్చు. ఫలానా మంగళవారం గురించి చెప్పలేనివాళ్లు నాలుగు నెలల మొత్తం గురించి చెప్పగలగడం విడ్డూరంగా అనిపిస్తుంది. కానీ మన తీరపు ఇసుకే దానికి సాక్ష్యం. భీమిలి ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంది. ఒక థోరియం పరమాణువు ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో ఎవరూ చెప్పలేరు, ఈ క్షణమే కావచ్చు. పిడికెడు ఇసుకలోని థోరియం పరమాణువుల్లో సగం విచ్ఛిన్నం కావడానికి మాత్రం 1,405 కోట్ల ఏళ్లు పడుతుందని కచ్చితంగా చెప్పొచ్చు.

ఒక్కొక్కటిగా తెలియనివి గుంపుగా తెలుస్తాయన్న ఈ విద్యలో ప్రపంచమంతా గౌరవించిన పెద్ద మనిషి మన తెలుగువారే, కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. 1920లో హడగలిలో పుట్టి, విశాఖపట్నంలో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పట్టా తీసుకుని 1941లో కలకత్తాలో స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఆయన చదివిన కాలేజీల్లో ఒకటి మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల. ఆ ఏ.వి.ఎన్. ఎవరనుకున్నారు? దుర్భిణికి కన్ను ఆనించి శుక్రుడిని చూసిన అంకితం వెంకట నరసింగరావుగారే. ఆయన భార్య ఔదార్యానికి గుర్తుగా ఆ పేరు నిలిచింది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలా సంతోషం వేసింది.

రాధాకృష్ణారావుగారు 1945లో, పాతికేళ్ల వయసులో, ఒక ప్రశ్న వేసుకున్నారు. చేతిలో ఉన్న కొద్దిపాటి కొలతలతో ఎంత తెలివిగా లెక్క కట్టినా, అంచనాలో తప్పు ఎంతకు తగ్గుతుంది, ఎంతకంటే తగ్గదు? తెలియనితనానికి ఆయన ఒక అడుగు గీత గీశారు. తర్వాతెప్పుడో రాసిన పుస్తకంలో ఒక మాటను సమీకరణంలా పెట్టారు. నాకు అర్థమైనట్టు చెబుతాను. మనకు తెలిసినది అనిశ్చితమే. కానీ ఆ అనిశ్చితి ఎంతో కూడా తెలిస్తే, ఆ రెండూ కలిసి పనికొచ్చే జ్ఞానం అవుతుంది. ఆయన 2023 ఆగస్టు 22న, నూట మూడో ఏడు నిండబోతుండగా పోయారు.

ఈ సమీకరణం విలువ ఎంతో మన తీరం ప్రాణాలతో కొలిచింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి సుమారు 10,000 మంది పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మన కొబ్బరి చెట్లు, జీడితోటలు, కరెంటు స్తంభాలు ఎలా నేలకొరిగాయో మీరు చూశారు. అంత పెద్ద తుఫానులో ప్రాణనష్టం పదుల్లో ఆగింది. రోడ్లు, ఆశ్రయాలు, ఫోన్లు, అన్నిటికీ అందులో పాలుంది. కానీ తుఫాను ఉత్తరాంధ్ర వైపే వస్తోందని నాలుగు రోజుల ముందే చెప్పగలగడం లేకపోతే అవన్నీ ఎవరికోసం కదిలేవి? ఆ ముందుచూపు ఎలా వచ్చిందో చూడండి. 1992 నుంచి పెద్ద వాతావరణ కేంద్రాలు ఒకే లెక్కను ఒక్కసారి చేసి ఊరుకోవడం మానేశాయి. మొదలుపెట్టే అంకెల్ని కావాలనే కొద్దికొద్దిగా మార్చి, అదే లెక్కను పదుల సార్లు నడుపుతాయి. మాస్టారు ఆకులు మళ్లీ మళ్లీ వదిలినట్టే. దారులన్నీ దగ్గరదగ్గరగా పోతే ధీమాగా చెబుతారు, విడిపోతే ఎంత విడిపోయాయో చెబుతారు. మన వాతావరణ శాఖ 2009 నుంచి తుఫాను మ్యాపు మీద ఒక్క గీతతో ఆగకుండా చుట్టూ గరాటులా వెడల్పయ్యే ఆకారం గీస్తోంది. ఆ వెడల్పే వాళ్లు తమకు తెలియదని ఒప్పుకున్నంత మేర. టీవీలో అది చూసి "వీళ్లకే సరిగ్గా తెలియదు" అని విసుక్కునేవాళ్లను చూశాను. నాకు మాత్రం ఆ గరాటు చూస్తే, అచ్చయిన వ్యాసాన్ని తిరగరాసిన పాంకరే గుర్తొస్తాడు.

ఇక మాస్టారి నోటుబుక్కులు. ఈ సభ పెట్టాలనుకున్నప్పుడు వాళ్లబ్బాయి ఒక ట్రంకుపెట్టె నా ముందు పెట్టారు. అందులో లాంగ్‌సైజు పుస్తకాలు. ఆయన పెరట్లో నిటారు గోడల డబ్బా ఒకటి, పక్కన స్కేలు ఉండేవని మాలో చాలామందికి తెలుసు. పొద్దున్న 8.30కి కొలిచేవారు, వాతావరణ శాఖ కొలిచే వేళకే. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరం మీద నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీళ్లని క్లాసులో చెప్పేవారు. ఆ కొలతలే ఉంటాయనుకుని తెరిచాను. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో వాన. మూడో గడి ఒకటుంది. దాని పైన "రాత్రి అనుకున్నది" అని రాసుకున్నారు. పడుకునే ముందు ఆకాశం చూసి, రేపు పడుతుందా లేదా అని రాసి, పొద్దున్న పక్కన టిక్కో ఇంటూనో పెట్టారు. ఏళ్ల తరబడి. ఇంటూలు చాలానే ఉన్నాయి. నెలాఖరున రెంటినీ లెక్కపెట్టి కింద వేసుకున్నారు. ఎక్కడా ఒక్క ఇంటూ కొట్టేసి టిక్కు చేసిన జాడ లేదు. రాధాకృష్ణారావుగారి పుస్తకం ఆయన చదివారో లేదో నేను అడగలేదు, అడగడానికి ఆయన లేరు.

వాళ్ల కుటుంబం అనుమతితో ఆ పెట్టె, ఆ డబ్బా, ఆ స్కేలు ఈ రోజు హైస్కూలుకు ఇస్తున్నాం. కొత్త పుస్తకం ఒకటి నేను తెచ్చాను. మూడు గడులూ గీసి ఉన్నాయి. పిల్లలూ, రేపు పొద్దున్న 8.30కి డబ్బా దగ్గరికి ఎవరొస్తారో హెడ్మాస్టరుగారికి చెప్పండి. దానికంటే ముందు, సభ అయ్యాక బయటికెళ్లి కొండల వైపు ఒకసారి చూసి, మూడో గడి ఈ రాత్రే నింపండి. పెన్సిలు వద్దు, పెన్నుతో రాయండి.